నేను లేని వంటిల్లు

"అమ్మా, రేపటి నుంచి తొమ్మిది రోజులు నువ్వు వంటింట్లో ఏదీ తుడవకూడదు" అంది నా కూతురు, నేను పొయ్యి గట్టు తుడుస్తూ ఉండగా.

తడిగుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక తుడవలేదని మాటలు పడ్డాను గానీ, తుడవొద్దని ఎవరూ అనగా వినలేదు. పక్కగదిలో మంచం మీదున్న అత్తగారు ఆ మాట విని, "నోటిమాట నమ్మకు అమ్మాయ్, కాగితం మీద రాయించుకో" అన్నారు.

నా కూతురు సినిమా చదువు చదువుతోంది. ఇది ఆఖరి సంవత్సరం. తోటివాళ్ళంతా పది నిమిషాల సినిమాలతో సరిపెట్టుకుంటుంటే ఇది మాత్రం పూర్తి నిడివి సినిమాయే తీస్తానని మొండికేసింది. ఉన్న సరంజామా అంతా కాలేజీ వాళ్ళు తొమ్మిది రోజులకు ఇచ్చిన ఒక కెమెరా, రెండు చిన్న లైట్లు. ఆ లైట్లలో ఒకటి వేడెక్కితే రెపరెపలాడుతుంది. సెట్టు వేసే స్తోమత లేదు కాబట్టి మా ఇల్లే సెట్టు. భార్య పోయి మూడు నెలలైన ఒక మనిషి ఎలా రోజులు గడుపుతున్నాడన్నది కథ. భార్య సినిమాలో ఎక్కడా కనబడదు. ఆ మనిషి వేషం వెయ్యాల్సిన నటుడు వారం ముందు చెయ్యిస్తే, నా కూతురు వాళ్ళ నాన్నను అడిగింది. ఆయన రెండుసార్లు కాదన్నారు. మూడోసారి అడిగేసరికి అద్దంలో చూసుకుని ఒప్పుకున్నారు.

ఆఫీసుకు తొమ్మిది రోజులు సెలవు కూడా పెట్టారు. ఆ సంగతి ఆయన ఫోనులో ఎవరితోనో చెబుతుంటే నాకు తెలిసింది. ఆరేళ్ళ కిందట నాకు గర్భసంచి తీసేసినప్పుడు ఆయన పెట్టిన సెలవు సగం రోజు. "అక్కడ నర్సులుంటారు కదోయ్, నేనుండి చేసేదేముంది" అన్నారు. నిజమే, చేసేదేమీ లేదు. నేను ఉండగా ఆయన చేయాల్సింది ఎప్పుడూ పెద్దగా ఏమీ ఉండదు. నేను లేకుండా ఉండటానికే తొమ్మిది రోజులు పట్టింది.

స్క్రిప్టులో తప్పులు దిద్దే పని నాది. తొంభై ఆరు పేజీలు. కథ బాగుంది, తప్పులు నూట పద్నాలుగు. ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ పోతే ఆఖరి పేజీలో ఇలా ఉంది: మధ్యాహ్నం. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని అతను తన భార్య గురించి మాట్లాడతాడు. దాని కింద నాలుగు వరుసలు ఖాళీ.

"ఇక్కడ మాటలు రాయడం మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలేదమ్మా. నాన్నకి రాసిస్తే పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు. ఆ ఒక్కచోట ఆయన సొంతంగా మాట్లాడాలి. నువ్వే పోయావనుకుని, నీ గురించే."

అంత తేలిగ్గా అనేసి అది సెల్లు చూసుకుంటూ వెళ్ళిపోయింది. నేను మూత పెట్టని పెన్నుతో అలాగే కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ళు ఒక మనిషితో కాపురం చేశాక, ఆ మనిషి మనల్ని ఎప్పుడైనా చూశాడా లేదా అన్నది ఎలా తెలుసుకోవాలి? అడగలేం. ఒకసారి అడిగాను కూడా, పెళ్ళయిన పదో ఏటో పదకొండో ఏటో. "ఇప్పుడిదేం గోల? తలనొప్పిగా ఉంటే మాత్ర వేసుకో" అన్నారు. కోప్పడలేదు, ప్రేమగానే అన్నారు. నిజంగా నాకు తలనొప్పే అనుకున్నారు. ఇక మళ్ళీ అడగలేదు. ఇప్పుడు కెమెరా అడగబోతోంది. కెమెరాకి మాత్రలు పనికిరావు. ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆయన ఏం చెబుతారు? చిన్నదైనా చాలు, నాదైతే చాలు. ఆ నాలుగు వరుసల్లో నేనున్నానో లేనో చూసుకోవాలన్న ఆశ నలభై ఆరేళ్ళ మనిషిని పట్టుకుని కూర్చుందంటే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఆశ పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరుగురు దిగారు. కెమెరా పట్టేది నా కూతురి స్నేహితురాలు. పొడుగ్గా, సన్నగా ఉంటుందని అందరూ నిచ్చెన అని పిలుస్తారు. ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి లోపలంతా కలయజూసి నీరుగారిపోయింది.

"ఇంత నీటుగా ఉంటే ఎలా ఆంటీ? మీరు లేకపోతే ఇది మూడు నెలల్లో ఎలా అవుతుంది?" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది. "సారీ ఆంటీ, సినిమాలో అని నా ఉద్దేశం."

"పర్లేదు" అన్నాను. అప్పుడు చూశాను వంటింటి వైపు. ఎవరో అడిగితే గానీ ఇలాంటివి మనకు తెలుసని మనకే తెలియదు.

"మొదటి వారం ఏమీ కాదు. వచ్చినవాళ్ళెవరో కడిగి బోర్లించి వెళతారు. ఆ తర్వాత ముందు పోయేవి మూతలు. ఏ డబ్బా మూత ఆ డబ్బాకి ఉండదు. ఉప్పు చెమ్మగిల్లి గడ్డకడుతుంది. ఒక్క గిన్నె ఎంచుకుంటారు. పాలు అందులోనే, గుడ్డు అందులోనే. మిగతా గిన్నెల మీద దుమ్ము పడుతుంది, ఆ ఒక్కదాని అడుగు మాడుతుంది. స్విచ్చిబోర్డు నిండా వేలిముద్రలు పడతాయి, ఏ స్విచ్చి దేనిదో తెలియక అన్నీ నొక్కుతారు కాబట్టి. గుడ్డ మాత్రం ఎక్కడ ఆరేశానో అక్కడే ఉంటుంది, ఎండి కర్రలాగా."

ఆయన గడ్డం గీసుకుని, మెడలో తువ్వాలుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నన్ను మరీ అంత చవటను చేస్తున్నావేంటోయ్."

"మీ గురించి కాదు. సినిమాలో ఆయన గురించి."

"బతికున్న మనిషి పోతే ఏమవుతుందని లెక్కలేసుకోవడం ఏం సరదారా మీకు" అన్నారు అత్తగారు లోపలి నుంచి. కాసేపాగి, "ఇంతకీ ఆ మూడు నెలలూ నా మందులు ఎవరిస్తారో రాశావుటే కథలో?"

"కథలో నువ్వు లేవు నాన్నమ్మా."

"హమ్మయ్య. నేను ముందే పోయానన్నమాట. బతికిపోయాను."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కొంగు దోపుకుని పనిలోకి దిగాను, ఎందుకంటే ఆ పని ఇంకెవరికీ చేతకాదు. పిల్లలు దుమ్మంటే పిండి చల్లారు, అది పిండిలాగే కనబడింది. నేను అలమర మీది నుంచి అసలు దుమ్మే తెచ్చి, సన్నటి జల్లెడలో పోసి గిన్నెల మీద రాల్చాను. పొయ్యి వెనక గోడకు దూదితో నూనె అద్దాను. మూతలు మార్చాను. ఒక గిన్నె అడుగు కావాలని మాడబెట్టాను. రెండు గంటల్లో నా వంటింట్లోంచి నన్ను నేను ఎత్తేశాను. నిచ్చెన కెమెరాలోంచి చూసి, "అబ్బ, అచ్చం ఎవరూ లేనట్టే ఉంది ఆంటీ" అంది. అది మెచ్చుకోలే. నేనలాగే తీసుకున్నాను.

వంటిల్లు సెట్టయిపోయాక అసలు వంట పెరట్లో బట్టలుతికే చోటికి మారింది. ఒంటి పొయ్యి మీద రోజుకు మూడుసార్లు పదిమందికి. గిన్నెలు కడగడానికి లోపలి సింకు లేదు, అందులో సినిమా అంట్లున్నాయి. వాటిని ముట్టుకోకుండా, అసలు అంట్లు బకెట్టు నీళ్ళతో నేల మీద కూర్చుని తోమాను. ఒకరోజు భోజనాల దగ్గర నా కూతురు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "అమ్మా, చివర్లో నీ పేరు కూడా వేస్తాం, భోజన ఏర్పాట్లు అని" అంది. దాని కళ్ళలో నిజంగానే సంబరం ఉంది. ఆయన "నాకు రాని పేరు మీ అమ్మకొస్తోందే" అన్నారు. ఆయన పేరు మొదట్లోనే వస్తుంది, తెర నిండా.

రెండో రోజు ఆయన మొదటి సీను. భార్య పోయాక ఆ మనిషి మొదటిసారి తనే టీ పెట్టుకోవాలి. ఉన్న రెండు లైట్లూ మొహం మీద గట్టిగా పడుతున్నాయి. నిచ్చెన ఒకదాని ముందు నా పాత దుప్పటి కట్టింది, రెండోది గోడ వైపు తిప్పింది. అయినా ఆయన మొహంలో ఒక సగం చీకటి. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. కాంతి ఏ కోణంలో పడితే ఆ కోణంలోనే తిరిగి వస్తుందన్నది వంట చేస్తే పోయే చదువు కాదు. "ఆ తెల్ల థర్మాకోల్ అట్ట బీరువా పక్కన కాదమ్మా, ఇటు కిటికీకి ఏటవాలుగా పెట్టు" అన్నాను. పెట్టింది. ఆ చీకటి సగం మెల్లగా తేరుకుంది. నిచ్చెన కెమెరాలోంచి తలెత్తి నా వైపు కాస్త ఎక్కువసేపే చూసింది. "పట్టుకునే మనిషి లేరు ఆంటీ, మీరే పట్టుకుంటారా?" అంది. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర లేనప్పుడు నేను థర్మాకోల్ దగ్గర ఉన్నాను.

ఆయన పొయ్యి వెలిగించారు. నీళ్ళు పెట్టారు. పంచదార కోసం అలమర తెరిచారు. పై అర చూశారు, కింది అర చూశారు, ఇంకో అలమర తెరిచారు. ఒక డబ్బా మూత తీసి, వేలితో కాస్త అద్దుకుని నాలిక మీద వేసుకుని మొహం చిట్లించారు. నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. కట్ చెప్పాక నిచ్చెన, "అంకుల్, ఎంత సహజంగా చేశారు. ఆ వెతుకులాట ఎవరూ రాయలేరు" అంది.

"నటనంటే అంతేనమ్మా. లోపల్నుంచి రావాలి" అన్నారు ఆయన.

పంచదార ఇరవై నాలుగేళ్ళుగా ఒకటే డబ్బాలో, ఒకటే అరలో ఉంది. సెట్టు కోసం దాని మూత మాత్రం మార్చాను, చోటు మార్చలేదు.

నాలుగో రోజు తప్పు నాది. పొద్దున్న లేచి, ఇంకా మత్తు వదలకుండానే సింకు ముందు నిలబడి, అందులో ఉన్న అంట్లన్నీ కడిగేశాను. ఆఖరి పళ్ళెం బోర్లించాక గానీ చెయ్యి ఆగలేదు. ముందురోజు సాయంత్రం సగం తీసి ఆపిన సీనులోని అంట్లు అవి. నా కూతురు వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"నీకు ఒక్కరోజు ఊరికే ఉండటం చేతకాదామ్మా?"

ఆ గొంతు దానిది కాదు, వాళ్ళ నాన్నది. ఆ గొంతులో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, జ్వరంలో బట్టలు మడతపెట్టినప్పుడు కూడా. నిచ్చెన ఫోనులో ఫోటో వెతుకుతుంటే వద్దన్నాను. ఏ పళ్ళెం మీద ఏ గిన్నె, దాని మీద చెంచా ఎటు వైపు, కప్పు అడుగున టీ మరక ఎంత మేర, అన్నీ అలాగే పెట్టాను. వాళ్ళు తర్వాత ఫోటోతో సరిచూసుకున్నారు. తేడా లేదు. నా కూతురు వచ్చి వెనక నుంచి నా భుజం మీద గడ్డం ఆనించింది. అదే దాని క్షమాపణ.

అట్లా తొమ్మిదో రోజు వచ్చింది. కెమెరా సాయంత్రం అయిదింటికల్లా కాలేజీకి చేరాలి. మిగిలింది ఆ ఒక్క సీనే. దానికి లైట్లు వద్దని చెప్పింది నేనే. మధ్యాహ్నం మూడూ పదికి ఎండ ఎదురింటి తెల్లగోడ మీద పడి, మా కిటికీలోంచి బల్ల మీదికి వస్తుంది. మూడున్నర దాకా ఉంటుంది. నీడలో కూడా వెలుగున్నట్టుంటుంది. "మీకెలా తెలుసు ఆంటీ?" అని నిచ్చెన అడిగితే, "నాకు తీరిక దొరికేది ఆ ఇరవై నిమిషాలే" అన్నాను.

ఆయన బల్ల ముందు కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీ, కుర్చీ వెనక కెమెరా, కెమెరా పక్కన నేను, చేతుల్లో థర్మాకోల్. ఆయనకూ నాకూ మధ్య నాలుగడుగులు. అట్ట కదులుతుందేమోనని మోచేతులు నడుముకు బిగించి పట్టుకున్నాను.

వెలుగు వచ్చింది. నా కూతురు మొదలుపెట్టమంది.

ఆయన గొంతు సవరించుకుని, "నా భార్య చాలా మంచిది. ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగదు. ఆమె లేని లోటు తీర్చలేనిది" అన్నారు.

"నాన్నా, అది సంతాప సభలో చెప్పే మాట. మామూలుగా, చిన్నదేదైనా."

"వంట బాగా చేసేది. పిల్లను బాగా చదివించింది."

"ఇంకా చిన్నది నాన్నా. ఆమె మాత్రమే చేసే పని ఏదైనా."

పక్కగదిలోంచి అత్తగారు, "నన్ను బాగా చూసుకుందని చెప్పరా" అన్నారు. శబ్దం పట్టే పిల్ల చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి, తల పట్టుకుంది. మళ్ళీ మొదలు. ఆయన బల్ల మీద వేలితో గీతలు గీశారు. నవ్వారు. ఇబ్బందిగా తల గోక్కున్నారు. తర్వాత కెమెరాను దాటి, నా వైపు చూశారు.

"ఏమోయ్, నీకేమిష్టం? కాస్త చెప్పు, టైమైపోతోంది."

కారు తాళాలు ఎక్కడున్నాయని అడిగే గొంతే అది. అందులో చెడ్డతనం ఏమీ లేదు. నేను ఎప్పుడూ అన్నీ అందించాను, ఇదీ అందిస్తానని ఆయన నమ్మకం. నా కూతురు కూడా నా వైపు తిరిగింది. "అవునమ్మా, నువ్వే ఏదో ఒకటి చెప్పు. నాన్న దాన్ని పట్టుకుని చెప్పేస్తారు. ఇంకా ఎనిమిది నిమిషాలే ఉంది వెలుగు."

చెప్పడానికి లేకపోలేదు. చల్లారిన టీ నాకు అసహ్యమని, రోజూ అదే తాగుతానని చెప్పొచ్చు. డిగ్రీలో చదివిన భౌతికశాస్త్రం పుస్తకం దుప్పట్ల అడుగున ఉందని, ఎవరూ లేనప్పుడు అందులో ఒక లెక్క చేసి కాగితం చింపేస్తానని చెప్పొచ్చు. కుళాయి విప్పి ఏడుస్తానని. ఏడ్చినదానికన్నా ఎక్కువసార్లు ఒక్కదాన్నే నవ్వుకుంటానని, అత్తగారి మాటలు గుర్తొచ్చి. ఆపరేషన్ రోజు మత్తుమందు ఎక్కేముందు గుమ్మం వైపు చూశానని. ఏది అందించినా ఆయన దాన్ని చక్కగా చెబుతారు. ఆయన గొంతు మంచిది. చూసినవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, ఎంత ప్రేమ అంటారు. నాలుగుసార్లు చూసుకున్నాక ఆయన కూడా నమ్ముతారు, అవి తనకు ఎప్పటి నుంచో తెలుసని. నాకంటూ ఉన్నవే ఆ కొన్ని.

"నేనేమీ అందించను" అన్నాను.

"అమ్మా, వెలుగు పోతుంది."

"పోదు. ఇంకా ఉంది. ఆయన్ని మళ్ళీ అదే అడుగు. అడిగి ఊరుకో. కెమెరా మాత్రం ఆపొద్దు."

"నాన్న ఏమీ చెప్పకపోతే?"

"చెప్పకపోతే అదే తియ్యి."

నా కూతురు స్క్రిప్టు వైపు చూసింది, ఆ ఆఖరి పేజీ వైపు. ఆ ఖాళీ వాళ్ళ నాన్న కోసం వదిలిందనుకున్నాను ఇన్నాళ్ళూ. దానికీ ఏం రాయాలో తెలియకే వదిలిందని అప్పుడు దాని మొహం చూస్తే అర్థమయింది. దానికీ అప్పుడే అర్థమయినట్టుంది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, దాన్ని ఏమనగలను. కంచం చూసుకుంటారు గానీ పెట్టే చేతిని ఎవరు చూస్తారు. దాన్ని దగ్గరకు తీసుకోవాలనిపించింది. రెండు చేతులూ థర్మాకోల్‌కే సరిపోయాయి.

"రోలింగ్" అంది నిచ్చెన, చాలా మెల్లగా.

నా కూతురు కళ్ళు తుడుచుకుని, కెమెరా పక్కన వంగి, "మీ భార్య గురించి ఒక్కమాట చెప్పండి" అంది. నాన్నా అనలేదు.

ఆయన నోరు తెరిచారు. మూశారు. ఎవరో ఆపుతారని, ఏదో ఒకటి అందిస్తారని చూశారు. ఎవరూ ఆపలేదు. మొహం మీది నవ్వు కొంచెంసేపు నిలబడి, ఆనుకోవడానికేమీ దొరకక జారిపోయింది. చూపు ఖాళీ కుర్చీ మీదికి వెళ్ళింది, అక్కడి నుంచి అలమరకు, గడ్డకట్టిన ఉప్పుకు, కర్రలా ఎండిన గుడ్డకు. ఒక్కో వస్తువు దగ్గరా ఆగి, అందులో నేను ఏమైనా మిగిలానేమోనని వెతుకుతున్నట్టు కదిలింది. పెదవుల మీద ఒక మాట మొదటి అక్షరం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. నటించడం లేదు. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను అట్టను వెలుగుతో పాటు వేలెడంత వేలెడంత జరుపుతూ, ఆయన కళ్ళ మీంచి వెలుగు తప్పిపోకుండా పట్టుకున్నాను. భుజాలు మండుతున్నా దించలేదు. గోడ మీది ఎండ పూర్తిగా ఆరిపోయేదాకా ఆయన అలాగే ఉన్నారు, మేము అలాగే తీశాం.

ఇరవై నాలుగేళ్ళలో ఆయన నా గురించి అంతసేపు ఆలోచించడం నేను చూసింది అదే మొదటిసారి.